అంబలి గరిటెకి వలిసె నూనె

పోయిన నెల మా తమ్ముడు ఊరి నుంచి బస్సులో ఒక గోనెసంచి పంపించాడు. విజయనగరం బస్టాండుకి వెళ్లి దింపుకుని ఆటో ఎక్కితే, ఆ ఆటో అబ్బాయి ఇంటిదాకా ముక్కు చిట్లించుకునే నడిపాడు. సంచిలో పైన ఎండు నెత్తళ్ల చేపలు ఉన్నాయి మరి. వాటి కింద పాత చీర ముక్కలో చుట్టిన బరువైన వస్తువేదో తగిలింది. విప్పి చూద్దును కదా, మా మామ్మ అంబలి గరిటె! గరిటె అంటే ఇనప భాగం ఒక్కటే. అరచెయ్యంత వెడల్పున్న రేకు, దాని వెనక పిడి దూర్చడానికి గొట్టంలా వంచిన ఇనుము. కర్ర పిడిని చెదలు తినేశాయి. గొట్టాన్ని నేలకేసి తడితే గుప్పెడు పొడి రాలింది. తమ్ముడికి ఫోన్ చేశాను. "అటక మీద ఉన్నాదప్పా. పాత వంటిల్లు తీసేసి టైల్సు ఏయిస్తన్నాం. ఇనప సామాన్లోడికి ఏసేద్దావనుకున్నాను గానీ సెయ్యాడలేదు. నీకైతే ఇలాటియంటే పిచ్చి కదా" అన్నాడు. పిచ్చే, కాదనను.

మా వీధి చివర వడ్రంగి చేత తుమ్మ కర్రతో కొత్త పిడి చేయించాను. టేకు ముక్క ఉందమ్మా, అది వేస్తానన్నాడు. వద్దు, తుమ్మే కావాలన్నాను. పిడి చక్కగా కుదిరింది. ఇక చివర్న అడిగాడు, "దీనికి ఏటి కొట్టమంటారమ్మా? వార్నిషా, మెలమైనా, నల్ల పాలిషా?" అని. రేపు చెబుతానన్నాను. ఇంటికొచ్చి కోడలితో అంటే, హేమ ఫోన్ తీసి, "అత్తయ్యా, చెక్క గరిటెలకి పూసే నూనె డబ్బాలు వేరే దొరుకుతాయి. తినే వస్తువులకి ఏమీ కాదట. ఆర్డర్ పెట్టేయనా?" అంది. దాని బొటనవేలు అప్పటికే మీట మీద ఉంది. ఆగమన్నాను. జానెడు పిడికి ఏం పూయాలో ఇంత ఆలోచించేదేమిటని ఆ పిల్ల అనుకుని ఉంటుంది. మా ఇంట్లో ఒకప్పుడు సరిగ్గా ఈ జానెడు పిడికి ఏం పూయాలన్న దాని మీద ఇల్లంతా అట్టుడికిపోయిందని, మా మామ్మ పెద్దరికం ఉంటుందా ఊడుతుందా అన్నది దాని మీదే ఆధారపడిందని ఆ పిల్లకేం తెలుసు?

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. శ్రీకాకుళానికి తూర్పున, సముద్రం హోరు తప్ప వేరే చప్పుడు లేని ఊరు మాది. ఇంటికి వెనక వంటపాక విడిగా ఉండేది. అందులోకి అడుగు పెడితే ముందు సరుగుడు పుల్లల పొగ కళ్లలో పడేది, ఆ తరవాత పులిసిన చోడిపిండి వాసన (రాగుల్ని మా వైపు చోళ్లంటారు), దాని వెనకే నిప్పుల మీద కాలుతున్న ఎండుచేప వాసన. ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. మామ్మ పొయ్యి ముందు పీట వేసుకుని, నోట్లో అడ్డపొగ పెట్టుకుని కూర్చునేది. నిప్పున్న వైపు నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా కనిపెట్టిన పద్ధతట. పొయ్యి దగ్గర గాలెక్కడిది మామ్మా అని అడిగితే, "ఊరుకోయే, నీకు అన్నీ కావాల" అనేది, నోట్లో చుట్ట కదలకుండానే.

పొయ్యి మీదున్న ఆ అంబలి కుండ మా ఒక్క ఇంటిది కాదు. వేట నుంచి వచ్చిన మగవాళ్లు పడవలు ఒడ్డుకి లాగి, వలలు దులిపి, తిన్నగా మా పెరట్లోకి వచ్చేవారు. మామ్మ పోసిన చోడి అంబలి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని తాగేసి, వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కనున్న గంపలో ఒక గుప్పెడు చేపలు వేసి పోయేవారు. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. ఆనాటి వేట బాగుంటే పెద్ద చేప పడేది, లేకపోతే నాలుగు నెత్తళ్లు పడేవి. మా కూర ఆ గంపలోంచే. మామ్మ అంబలి తాగకపోతే ఒళ్లు నేలకి దిగినట్టుండదని మగవాళ్లు అనుకునేవారు. ఆ మాట చెవిన పడగానే మామ్మ ముక్కుపుడక ఇంకాస్త మెరిసేది.

అంబలి కాయడం చూడడానికి తేలిక. మరుగుతున్న నూకల్లోకి ఎడమ చేత్తో పులిసిన చోడి నీళ్లు సన్నగా ధార పోస్తూ, కుడి చేత్తో ఆపకుండా తిప్పాలి. ఒక్క క్షణం చెయ్యి ఆగిందో, ఉండ కట్టినట్టే. ఉండ కట్టిన అంబలి పోస్తే మా ఊళ్లో దానికి పేరు కూడా పెట్టేసేవారు. చిక్కపడే కొద్దీ కుండ బరువెక్కుతుంది, ఆ బరువంతా ఒక్క చెయ్యి మీదే. "కుండ మాటాడతాది, ఇను" అనేది మామ్మ. మొదట గలగలలాడి, తరవాత గుటకలేసి, చివరికి బుడుంగు బుడుంగుమని మూలిగితే దించేయాలి. ఇనప గరిటె తగిలితే అంబలికి బలం వస్తుందని కూడా అనేది. అది ఎంత నిజమో ఇప్పటికీ నాకు తెలియదు గానీ, ఆ అంబలి తాగినవాళ్లు లాగిన పడవలు మాత్రం నేను చూశాను.

మా వాళ్లలో అంబలి గరిటె పట్టిన చెయ్యే ఇంటికి పెద్ద చెయ్యి. దాన్ని అత్త కోడలి చేతిలో ఒక్కసారే పెడుతుంది. పెట్టాక ఇంక జన్మలో ముట్టకూడదు. ముట్టిందంటే, కోడలు కాచిన అంబలి బాగాలేదని వీధిలో డప్పు కొట్టి చెప్పినట్టే లెక్క. అందుకని అత్తలు గరిటె ఇవ్వడానికి తొందరపడేవారు కాదు, కోడళ్లు అడగడానికి సాహసించేవారు కాదు. మా అమ్మకైతే అసలు ఆశే లేదు. ఎండుచేపల వ్యాపారం మీద కొండల దిగువనున్న సాలూరు వెళ్లి స్థిరపడిపోయిన మావాళ్ల ఆడపిల్ల ఆవిడ. పెళ్లయి వచ్చేదాకా సముద్రం సరిగ్గా చూడలేదు. మామ్మ ఆమెని "కొండ కోడలు" అని పిలిచేది. మొదట్లో అది తిట్టు, తరవాత్తరవాత పేరైపోయింది. "అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు" అంటారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఆ రెండు బిరుదులూ ఎవరికీ దక్కలేదు.

ఒకరోజు పొద్దున్నే, అంబలి చిక్కబడే వేళకి, గరిటె పిడి ఫట్టున విరిగింది. ఎన్నేళ్ల నాటిదో ఆ పిడి. మామ్మ అత్తగారి చేతుల్లో నలిగి, మామ్మ చేతుల్లో నలిగి నున్నగా, నల్లగా, సన్నగా అయిపోయింది. మిగిలిన మొండి పట్టుకుని, వేళ్లు కాలుతున్నా ఆపకుండా తిప్పి అంబలి దించింది మామ్మ. ఉండ కట్టలేదు. కానీ ఆ తరవాత కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. అప్పటికే ఆవిడ వేళ్ల కణుపులు లావెక్కిపోయి ఉన్నాయి. లావు పిడి కావాలి, అది జారకూడదు. అదొక్కటే ఆవిడ కోరింది.

మా తాతకి చూపు తగ్గి వేట మానేసినా చేతిలో పనితనం పోలేదు. తుమ్మ కొమ్మ తెచ్చి, చెక్కి, ఎండిన సొర చేప తోలుతో రుద్ది రుద్ది పిడి చేశాడు. మా ఊళ్లో గరుకు కాయితం కొన్నవాళ్లెవరు? సొర తోలే మాకు అన్నిటికీ. పిడి బాగానే కుదిరింది గానీ ఏమీ పూయలేదు. పచ్చి కర్ర ఆవిరికి ఉబ్బింది, ఆరినప్పుడు లేచిన పేళ్లు మామ్మ అరచేతిలో గుచ్చుకున్నాయి. పైగా అంబలి పులుపు పీల్చుకుని కంపు కొట్టడం మొదలెట్టింది. మామ్మ కొబ్బరినూనె రాసి చూసింది. అది కర్రలోకి ఇంకకుండా జిడ్డుగా పైనే కూర్చుంది. మర్నాటికి ఊళ్లో చీమలన్నీ మా గరిటె మీద ఉన్నాయి.

ఇక ఊరంతా సలహాలే. ఆముదం అన్నవాళ్లు ఒకరు, పసుపు ముద్ద అన్నవాళ్లు ఒకరు. తాత వలతాడు కొనడానికి ఆమదాలవలస వెళ్తూ పిడి కూడా పట్టుకెళ్లాడు, నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. తాళ్లూ మేకులూ రంగులూ అమ్మే ఆ కొట్లో శెట్టిగారు పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక పూట ఉంచి ఎల్లు, వార్నిష్ కొట్టిస్తాను. పెద్దాఫీసుల్లో బల్లలకి ఇదే. నీ మనవరాలు మొహం సూసుకోవొచ్చు అందులో" అన్నాడు. సాయంత్రానికి నిజంగానే చూసుకున్నాను. ముక్కు పెద్దగా కనిపించింది గానీ మొహం నాదే. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్నావిడ అదేం వస్తువని అడిగింది. అంబలి గరిటె పిడి అని చెబితే నమ్మలేదు.

ఆ మెరుపు పొయ్యి దగ్గర ఎన్నాళ్లుంటుంది? చెయ్యి తడిగా ఉంటే జారేది. మామ్మ చీర చెంగు చుట్టుకుని తిప్పేది. ఆవిరి తగిలి తగిలి వార్నిష్ తెల్లబడి, పొట్టు లేచి, తెలియకుండా కుండలో రాలడం మొదలెట్టింది. వేట నుంచి వచ్చిన నీలయ్య మావ ఓ పొద్దున అంబలి తాగుతూ నోట్లోంచి ఒక రేకు తీసి వెలుగుకి పట్టి చూసి, "అత్తా, ఇయాల రొయ్య పొట్టేసినావేటి అంబల్లో? రుసి బానే ఉన్నాదిలే" అన్నాడు. పెరడంతా గొల్లుమంది. మామ్మ నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆవిడ అంబలిలో ఒక మాట పడడం అదే మొదలు. గరిటె కడిగి గోడకి ఆనించి, తాత వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి తాత ఎండలో కూడా దుప్పటి కప్పుకునేలా ఉన్నాడు.

ఆ మర్నాడే తాత తన సొంత వైద్యం మొదలెట్టాడు. ఆయనకి లోకంలో ఒకే మందు మీద నమ్మకం, జీడినూనె. పలాస వైపు నుంచి డబ్బాల్లో వచ్చేది. జీడిపిక్కల డొక్కల్లోంచి తీసిన నల్లటి నూనె. ఏటా పడవలకి అదే పూసి ఎండబెట్టేవారు. ఉప్పునీళ్లు కూడా ఆ కర్రని ఏమీ చేయలేవు. "జీడి తాగిన కర్రకి సావు నేదు" అనేవాడు తాత. మంచం కోళ్లకి అదే, నూతి గిలకకి అదే, దొడ్డి తలుపుకి అదే. మా ఇంట్లో జీడి తాగని కర్ర నా పలక చట్రం ఒక్కటే, అదీ నేను ఏడిచి గోల చేస్తే వదిలేశాడు. సరే, వార్నిష్ గీకేసి, పిడికి జీడి పట్టించాడు. పడవైతే ఎండలో రోజుల తరబడి ఆరనిచ్చేవాళ్లు. మామ్మ పొయ్యి ఆగదు కదా, పైన ఆరినట్టు కనిపించగానే గొట్టంలో బిగించి ఇచ్చేశాడు. "ఇంక నీ మనవరాళ్లు పెళ్లిళ్లయి ముసలాళ్లయినా ఇది అరగదు" అని కూడా అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పిడి జారలేదు. ఆ మాటకొస్తే అతుక్కుంది. కుండ ఆవిరికి లోపలి జీడి మెల్లగా పైకి ఊరింది. మామ్మ ఆ చేత్తో తిప్పింది, ఆ చేత్తోనే చెమట తుడుచుకుంది. మర్నాటికి అరచెయ్యంతా పొక్కులు. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. "నానేటి పడవనేటి? నాకు జీడి పూసినాడు మీ తాత!" అని ఒంటి కన్నుతో నన్ను చూస్తూ అరిచింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తాత కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఆవిడ చుట్టూ తిరిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నేను పుస్తకంలో చదవకముందే చూశాను. కాలినవి మాత్రం మామ్మ చేతులు, ఆకులు పట్టుకున్నది తాత.

ఇక్కడితో ఇది నవ్వులాట కాకుండా పోయింది. రేపు అంబలి ఎవరు కాస్తారు? మగవాళ్లు వస్తారు, కుండ ఎక్కించాలి. తెల్లారగానే అమ్మ లేచి పొయ్యి వెలిగించింది. వీధి ఆడవాళ్లు పనులున్నట్టు మా గోడ పక్క నుంచే అటూ ఇటూ నడిచారు. గరిటె చేతులు మారే రోజు వచ్చిందని అందరూ అనుకున్నారు. మామ్మ కూడా అదే అనుకుంది. అరుగు మీద అటు తిరిగి పడుకుంది. నేను పక్కన కూర్చుంటే, "నా పని అయిపోనాదేటే? సేతులు పోయినోళ్లకి ఇంక కుండేటి, గంపేటి" అని గొణిగింది. మామ్మ గొంతు అలా విన్నది నేను అదే మొదటిసారి. ఎవరినైనా తిట్టడానికే గాని తనకోసం తాను మాట్లాడగా వినలేదు. నాకు భయం వేసింది. మామ్మ పీట మీద మామ్మ లేకపోతే ఆ ఇల్లు మా ఇల్లే కాదనిపించింది.

వంటపాకలోకి పరిగెత్తాను. అమ్మ ఎడమ చేత్తో చోడి నీళ్లు పోస్తోంది. కుడి చేతిలో గరిటె లేదు. కట్టెల మోపులోంచి లాగిన సరుగుడు కర్ర ఉంది. బెరడు గీకి, కడిగి, దాంతో తిప్పుతోంది. గుండ్రటి కర్రతో అంబలి తిప్పడమంటే మాటలు కాదు, పిండి పక్కలకి జారిపోతుంది. అమ్మ జబ్బలు వణుకుతున్నాయి. ఇనప గరిటె గోడకి ఆనించినట్టే ఉంది. దాన్ని కడిగి వేరే పిడి తగిలించుకోవచ్చు కదా అన్నాను. "అత్త తన సేత్తో ఇచ్చినదాకా నాను ముట్టను. సేతులు కాలినప్పుడు తీసుకుంటే ఇచ్చినట్టేటి? దొంగిలించినట్టు" అంది. ఆ అంబలిలో ఉండలున్నాయి. మగవాళ్లు మాట్లాడకుండా తాగేశారు, గంపలో చేపలు మాత్రం వేశారు. నీలయ్య మావ ఏదో అనబోయి అమ్మ చేతిలో కర్ర చూసి నోరు మూసుకున్నాడు. అమ్మ గరిటె ముట్టలేదన్న మాట ఆయన ద్వారానే ఊరంతా పాకింది. అరుగు మీద పడుకున్న మామ్మ దాకా పాకిందో లేదో నాకు అప్పుడు తెలియలేదు.

మా పెద్దమావ, అంటే అమ్మ తమ్ముడు, సాలూరులో లారీ మీద ఉండేవాడు. సాలూరులో పుట్టిన మగపిల్లలు నడక వచ్చాక లారీ ఎక్కుతారో, ఎక్కాక నడక నేర్చుకుంటారో తెలియదు. శ్రీకాకుళం మీదుగా పోయే ఇంకో లారీ అతనితో అమ్మ కబురు పెట్టింది, వలిసె నూనె కావాలని. కొండల మీద శీతాకాలం పసుపు పచ్చగా పూసే వలిసెలు ఉంటాయి కదా, వాటి గింజల నూనె. సంతలో కొండవాళ్లు తెచ్చి అమ్మేవారు. అమ్మ పుట్టింట్లో కూరకీ అదే, రోకలికీ అదే. ఓ మధ్యాహ్నం మావ సీసా పట్టుకుని దిగాడు. "ఏటక్కా, మీ ఊళ్లో నూనే నేదేటి? ఇంత దూరం కబురెట్టినావు" అన్నాడు. "నూనెలన్నీ అయిపోనాయిరా, మా అత్త సేతి మీద" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. అరుగు మీద నుంచి మామ్మ దగ్గు వినిపించింది. నవ్వాపేశారు.

జీడి పట్టిన పిడిని తాత తన చేత్తోనే పొయ్యిలో పెట్టబోతే, ఆ పొగ కూడా పొక్కులు తెప్పిస్తుందని అమ్మ ఆపింది. దాన్ని ఇసుకలో పాతిపెట్టాడు. మళ్లీ తుమ్మ కొమ్మ, మళ్లీ సొర తోలు. ఈసారి అడక్కుండా ఏదీ పూయలేదు. పిడి తెచ్చి కోడలి ముందు పెట్టి, "ఇదిగో, ఇంక నువ్వు సెప్పినట్టే" అన్నాడు. తాత ఇంకొకరి మాట వినడం ఆ ఏడాది వింతల్లో ఒకటి. అమ్మ నూనెని గోరువెచ్చగా కాచి, పాత పంచె ముక్క ముంచి, పిండి, ఉందా లేదా అన్నంత పల్చగా రుద్దేది. రుద్దాక పొడి గుడ్డతో తుడిచేసేది. పూసిందంతా తుడిచేస్తే ఇంకేం మిగులుతుందమ్మా అని అడిగాను. "మిగిలినదే నూనె, తుడిసింది జిడ్డు" అంది. ఎండలో పెట్టి ఆరాక మళ్లీ రుద్దేది. కొబ్బరినూనెలా అది తడిగా ఉండిపోలేదు. పూత మీద పూత కర్రలోనే గట్టిపడి, పిడి తేనె రంగుకి తిరిగింది. అంత పనికీ ఒక్క మెరుపు లేదు. నా మొహం అందులో కనిపించలేదని నేను కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

ఈ పని సాగినన్నాళ్లూ అమ్మ పొద్దున్నే సరుగుడు కర్రతోనే అంబలి తిప్పింది. పిడి తన చేతికి సరిపోతుందా అని ఒక్కసారి కూడా పట్టి చూసుకోలేదు. కొలత చూడాల్సి వస్తే నన్ను అరుగు మీదికి పంపేది. నిద్రపోతున్న మామ్మ చెయ్యి చుట్టూ దారం పెట్టి కొలిచి తెచ్చేదాన్ని. మామ్మ నిద్రపోయేది కాదని నాకు తెలుసు. దారం పెట్టినప్పుడు వేళ్లు మెల్లగా మూసి, సరిగ్గా పట్టు పట్టినట్టు చూపించేది, కళ్లు తెరవకుండానే. ఆ సంగతి నేను అమ్మకి చెప్పలేదు, అమ్మకి తెలియదనీ అనుకోను.

పొక్కులు మానాయి. ఓ పొద్దున పొయ్యి వెలిగే వేళకి మామ్మ పీట ముందు, తాత కొత్త పిడి బిగించిన గరిటె ఉంది. అమ్మ నీళ్ల కుండ దగ్గర ఏదో పని కల్పించుకుని నిలబడింది. తాత వల బాగుచేస్తున్నట్టు గుమ్మం బయట కూర్చున్నాడు, చేతిలో సూది కదలడం లేదు. మామ్మ వచ్చింది, అడ్డపొగ ముట్టించింది, కూర్చుంది. గరిటె తీసి చేతిలో అటూ ఇటూ తిప్పింది. కావాలని చెయ్యి నీళ్లలో ముంచి మళ్లీ పట్టింది. జారలేదు. ధార పోస్తూ తిప్పింది. కుండ గలగలలాడింది, గుటకలేసింది, బుడుంగుమంది. ఒక్క ఉండ లేదు. పెరట్లో మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. మొదటి దుత్త నీలయ్య మావకే పోసింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "ఇదీ అంబలంటే" అన్నాడు. పెరడంతా ఊపిరి పీల్చుకుంది. నాకైతే గెంతాలనిపించింది.

అప్పుడు మామ్మ లేచింది. అందరూ చూస్తుండగా గరిటె అమ్మ వైపు చాపి, "పట్టుకోయే" అంది.

"అత్తా, అది నీ సేతి కోసమే సేసినాను" అంది అమ్మ. "నాకు తెలవదేటి? నా సెయ్యి కొలిపించి సేసినావు. నీ సెయ్యి కొలుసుకుని సేసుంటే ఇద్దునేటి?" అంది మామ్మ. కర్ర పుల్లతో అంబలి తిప్పిన సంగతి అరుగు దాకా పాకిందని నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ రెండు చేతులతో గరిటె అందుకుంది. మామ్మ చేతులు ఖాళీ అయ్యాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకి చెంగు బిగించుకుంది. ఆనవాయితీ ప్రకారం ఇంక ఆవిడ దాన్ని ముట్టకూడదు. ఆ పిడి సరిగ్గా ఒక్క కుండ అంబలికి ఆవిడ చేతిలో ఉంది. అమ్మకీ అదే తట్టి ఉంటుంది. గరిటె ఒకసారి చూసుకుని, మళ్లీ అత్త మొహం చూసి, పెరడంతా వినపడేలా అంది: "ఇచ్చినావు, తీసుకున్నాను. ఇంక గరిటె నాదే కదా? రేపు నా సెయ్యి నొప్పెడతాది అత్తా. నువ్వే తిప్పాల."

మామ్మ నోట్లో చుట్ట ఆరిపోయింది. అంత గాలి లేని చోట అది ఆరడం నేనెప్పుడూ చూడలేదు. "కొండ కోడలివి! కొండల్లో పుట్టినోళ్లకి సేతులు నొప్పెట్టక సత్తాయేటి" అని తిట్టింది. పెరడంతా నవ్వింది, తాత వల వదిలేసి మరీ నవ్వాడు. ఆ తరవాత మామ్మ బతికున్నన్నాళ్లూ అమ్మ చెయ్యి రోజు విడిచి రోజు నొప్పెడుతూనే ఉండేది. తిరగలి విసిరినప్పుడు నొప్పి లేదు, చేపల గంప ఎత్తినప్పుడు నొప్పి లేదు. అంబలి దగ్గరే. వీధిలో మిగతా కోడళ్లకి కూడా ఆ జబ్బు మెల్లగా అంటుకుంది. గరిటె ఒక్కసారే ఇవ్వాలన్న పట్టింపు మా ఊళ్లో ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు గానీ, అది పోవడం ఎక్కడ మొదలైందో నేను చెప్పగలను.

ఇప్పుడు మా వీధి మొదట్లో బండి మీద చోడి అంబలి అమ్ముతున్నారు. వాకింగ్ చేసే పెద్దమనుషులు బూట్లు వేసుకుని వచ్చి, షుగర్‌కి మంచిదని తాగి వెళ్తున్నారు. బండి అబ్బాయి మరమేదో పెట్టి తిప్పుతాడు, ఉండ ఉండదు, కుండ మాటా ఉండదు. దాన్ని తప్పు పట్టను, ఆ అంబలి బాగానే ఉంటుంది. ఒకప్పటిదంతా అమృతమనీ ఇప్పటిదంతా గడ్డి అనీ అనే మనిషిని కాను నేను. గ్యాస్ పొయ్యి వచ్చాక నా కళ్లు బాగుపడ్డాయి, అది నిజం. కానీ ఇప్పుడు వస్తువు ఎవరి చేతికని చేస్తున్నారో వస్తువుకే తెలియదు. డబ్బా మీద అందరి చేతులకీ అని రాసి ఉంటుంది. మామ్మ వేళ్ల కణుపుల సంగతి ఆ డబ్బాకేం తెలుసు?

వడ్రంగితో ఏమీ కొట్టొద్దని చెప్పి పిడి ఇంటికి తెచ్చుకున్నాను. వలిసె నూనె కోసం సాలూరులో ఉన్న మావ మనవడికి ఫోన్ చేశాను. "ఆన్‌లైన్‌లో దొరుకుతాదత్తా, ఆర్గానిక్" అన్నాడు వాడు. నవ్వాపుకుని, సంతలో చూడరా అన్నాను. పంపించాడు. గోరువెచ్చగా కాచి, పల్చగా రుద్ది, తుడిచి, డాబా మీద ఎండబెట్టాను. హేమ ఆఫీసు నుంచి రాగానే పైకి వచ్చి చూసి వెళ్లేది. రెండోనాటి నుంచి గుడ్డ తనే తీసుకుంది. పూసిందంతా తుడిచేస్తే ఇంకేం మిగులుతుంది అత్తయ్యా అని అడిగింది. ఏమని చెప్పానో మీకు తెలుసు. పిడి లావు నా చేతికని చేయించుకున్నాను. నా కణుపులు కూడా ఇప్పుడు మామ్మ కణుపుల్లాగే ఉన్నాయి. హేమ ఆ సంగతి ఎత్తలేదు గానీ, నేను పిడి పట్టుకున్నప్పుడల్లా నా వేళ్ల వైపు చూసి, సందున్న చోట ఇంకాస్త రుద్దేది.

పోయిన ఆదివారం అంబలి కాచాను. గ్యాస్ పొయ్యి మీద, స్టీలు గిన్నెలో. గరిటె జారలేదు, ఉండ కట్టలేదు. హేమ పక్కనే నిలబడి గిన్నె మాట వింటోంది, చేతులు వెనక కట్టుకుని. అడగదు ఆ పిల్ల, ఇవ్వకపోతే తీసుకోదు. బుడుంగుమన్నాక దించి, గరిటె కడిగి, దాని చేతిలో పెట్టాను. "ఇది మీ కోసం కదా చేయించుకున్నారు" అంది కంగారుగా. ఎన్నాళ్లుగానో విజయనగరం మాటలకి అలవాటు పడిపోయిన నా నాలుక ఉన్నట్టుండి మా ఊరు వెళ్లిపోయింది. "వొచ్చే ఆదివారం నా సెయ్యి నొప్పెడతాదే. నువ్వే తిప్పాల" అన్నాను.

నొప్పి ఏమీ లేదు.